ఎలాన్ లోయ పచ్చదనం: అపోహలు - వాస్తవాలు

వేసవి మొదలై రెండు రోజులు సెలవు దొరికితే చాలు, బర్మింగ్‌హామ్ వైపు నుంచి మన తెలుగు కుటుంబాలు పులిహోర డబ్బాలు కట్టుకుని మా లోయకు వస్తాయి. బ్రిటన్‌లో మధ్య వేల్స్ ప్రాంతంలో రాయడర్ అనే చిన్న ఊరు ఉంది. దాన్ని దాటగానే మొదలయ్యేదే ఎలాన్ లోయ. పదకొండేళ్లుగా ఈ కొండల మీద గడ్డి నేలలు సర్వే చేయడం నా ఉద్యోగం. చదరపు మీటరు చట్రం ఒకటి నేల మీద పరిచి, అందులో ఏ మొక్క ఎంత మేర ఉందో మోకాళ్ల మీద కూర్చుని రాసుకుంటాను. ఆనకట్ట దగ్గర తెలుగు వినబడితే వెళ్లి పలకరించకుండా ఉండలేను. అలా పలకరించినప్పుడల్లా వినే మాటలు కొన్ని ఉన్నాయి. ఈ నేల మీద నాకున్న ప్రేమ కొద్దీ వాటికి జవాబు రాయాలనిపించింది.

అపోహ: ఇది మనిషి చెయ్యి పడని ప్రకృతి.

పోయిన ఏడాది ఒక అక్కయ్య కాబన్ కోఖ్ ఆనకట్ట మీద నిలబడి, "ఎంత స్వచ్ఛమైన సరస్సో చూడు తమ్ముడూ, దేవుడు పోసినట్టుంది" అంది. అక్కయ్యా, ఇది సరస్సు కాదు. మీ ఇంటి నీళ్ల ట్యాంకు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో బర్మింగ్‌హామ్ కార్ఖానాలతో కిక్కిరిసిపోయి, మురికి నీళ్లతో జబ్బులు ప్రబలితే, ఆ నగరపాలిక 1892లో పార్లమెంటులో చట్టం చేయించుకుని ఈ లోయను తీసుకుంది. మరుసటి ఏడు పని మొదలైంది. 1904 జులై 21న ఏడో ఎడ్వర్డ్ రాజు వచ్చి నీళ్లు వదిలాడు. క్లైర్వెన్ వాగు మీది పెద్ద ఆనకట్ట చాలా తర్వాతిది. దాన్ని 1952లో రెండో ఎలిజబెత్ రాణి ప్రారంభించింది.

నీళ్లు ఇక్కణ్నుంచి బర్మింగ్‌హామ్ శివార్లలోని ఫ్రాంక్లీ దాకా 118 కిలోమీటర్లు వెళ్తాయి, దారిలో ఒక్క పంపు కూడా లేకుండా. మొత్తం దూరానికి వాలు 52 మీటర్లే. అంటే 2300 అడుగులు నడిస్తే ఒక్క అడుగు దిగినట్టు. మనిషి నడక కంటే నెమ్మదిగా, ఒకటిన్నర రోజు పాటు పారుతూ పోతాయి. ఆ నగరంలో మన వాళ్లు ఇడ్లీపిండి రుబ్బేది ఈ నీళ్లతోనే.

ఆ నీటి అడుగున ఏముందో కూడా చెప్పాలి. మూడు పెద్ద భవంతులు, పద్దెనిమిది వ్యవసాయ క్షేత్రాలు, ఒక బడి, ఒక చర్చి. వందమందికి పైగా ఇళ్లు వదిలి వెళ్లారు. భూమి సొంతదార్లకే పరిహారం దక్కింది. కౌలుకు దున్నుకునేవాళ్లకు, కూలీలకు ఏమీ రాలేదు. బాగా ఎండిన వేసవిలో నీళ్లు దిగిపోతే నాంట్‌గ్విల్ట్ భవంతి తోట గోడలు బయటపడతాయి. మొదటిసారి ఆ గోడ రాళ్లు చూసినప్పుడు నాకు శ్రీశైలం ముంపు ఊళ్లే గుర్తొచ్చాయి. ఆ రోజు ఇంకో కొలత తీసుకోబుద్ధి కాలేదు.

చుట్టూ ఉన్న కొండలకు ఇళ్లూ కంచెలూ పెద్దగా లేకపోవడానికి కారణం కూడా ఈ ఆనకట్టలే. తాగునీరు చెడకూడదని నగరపాలిక చుట్టుపక్కల పరీవాహక ప్రాంతమంతా కొనేసింది. దాదాపు 180 చదరపు కిలోమీటర్లు. రాత్రిపూట ఇక్కడ అంత చీకటి ఉంటుందన్నా, 2015లో అంతర్జాతీయ చీకటి ఆకాశ ఉద్యానంగా గుర్తింపు వచ్చిందన్నా, మూలం ఆ కొనుగోలే.

అపోహ: పచ్చగా ఉందంటే నేల బాగున్నట్టే.

నా పని మొత్తం ఈ ఒక్క మాటతోనే పోరాటం. రోడ్డు పక్కన నిగనిగలాడే ముదురు ఆకుపచ్చ పొలం ఫొటోలో ఎంతో బాగుంటుంది. నా చట్రం పరిచి చూస్తే అందులో రైగ్రాస్, తెల్ల క్లోవర్, ఇంకో రెండు మూడు మొక్కలు. ఎరువు వేసి, విత్తనం చల్లి పెంచిన మేత అది. రైతు బతుకుకు అది అవసరం, కాదనను. కానీ తుమ్మెదకు అక్కడ తిండి లేదు.

అదే లోయలో, ఎప్పుడూ దున్నని, ఎరువు వేయని ఎండుగడ్డి చేను ఒకటుంది. దూరం నుంచి చూస్తే గోధుమ రంగులో, కాస్త చింపిరిగా కనిపిస్తుంది. జూన్ ఆఖర్లో అక్కడ చట్రం పరిస్తే ముప్పై రకాల దాకా లెక్క తేలుతుంది. అందులో నాకు ప్రాణమైనది యెల్లో రాటిల్ అనే జానెడు మొక్క. పసుపు పువ్వు రాలాక కాయ ఎండి, లోపలి గింజలు గలగలమంటాయి. ఈ మొక్క తన వేళ్లతో పక్కనున్న గడ్డి వేళ్లను పట్టుకుని రసం లాగుతుంది. గడ్డి బలం తగ్గితే మిగతా పూలమొక్కలకు చోటు దొరుకుతుంది. ఆ ఎండుకాయలు గిలకల్లా మోగితే గడ్డి కోతకొచ్చినట్టని పాత రైతులు గుర్తుపెట్టుకునేవారు. ముందే కోస్తే గింజ రాలదు. ఏడాదిలోనే చచ్చిపోయే మొక్క కాబట్టి మరుసటి ఏటికి మొలకే ఉండదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1930ల నాటి నుంచి ఇలాంటి పూలచేలలో నూటికి 97 వంతులు పోయాయి. అవి పోయింది పచ్చదనం కిందే. అందుకే ఎవరి కంటా పడలేదు.

అపోహ: కొండ మీద బురద నేల వట్టి బీడు, చెట్లు నాటేస్తే పుణ్యం.

చెట్లు నాటడం మంచి పని. ఎక్కడ నాటుతున్నామన్నదే ప్రశ్న. ఒకసారి ఓ సంస్థ నుంచి నాకొక మ్యాపు వచ్చింది. నాటడానికి అనువైన చోట్లు రంగు వేసి పంపారు. అందులో ఒక కొండ భుజం "వాడకంలో లేని నేల" అని ఉంది. పైకెక్కి పీట్ లోతు కొలిచే కడ్డీ గుచ్చాను. వెన్నలోకి దిగినట్టు దిగింది. ఒక మీటరు, ఒకటిన్నర, రెండు మీటర్లకు గానీ కింద గట్టి నేల తగల్లేదు.

పీట్ అంటే చచ్చిన నాచు, గడ్డి, నీటిలో నాని ఉండటం వల్ల కుళ్లకుండా పేరుకున్న నల్లటి పొర. ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. రెండు మీటర్లంటే నా కడ్డీ మొన రెండువేల ఏళ్ల కిందటి మొక్కను తాకిందన్నమాట. ఆ రెండువేల ఏళ్ల కర్బనం అంతా అక్కడే ఉంది. దాన్ని కాలువలు తవ్వి ఆరబెట్టి కలప కోసం పెంచే సిట్కా స్ప్రూస్ చెట్లు నాటితే, గాలి తగిలిన పీట్ కుళ్లడం మొదలై కర్బనం గాలిలోకి పోతుంది. చెట్టు దాచేదానికంటే నేల వదిలేదే ఎక్కువ కావచ్చు. అందుకే అర మీటరుకు మించి లోతున్న పీట్ మీద కొత్తగా అడవి పెంచకూడదని బ్రిటన్ అటవీ ప్రమాణాలు చెబుతున్నాయి. నా రిపోర్టు వెళ్లాక ఆ మ్యాపులో రంగు తీసేశారు.

మీరొస్తే ఒక పని చేయండి. స్ఫాగ్నమ్ నాచు గుప్పెడు చేతిలోకి తీసుకుని పిండండి. తడి స్పాంజి నుంచి కారినట్టు నీళ్లు కారతాయి. ఎండు బరువుకు ఇరవై రెట్ల దాకా నీళ్లు పట్టగలదు అది. పిండాక తిరిగి దాని చోటే పెట్టి కాస్త తొక్కండి, మళ్లీ బతుకుతుంది. ఏడాదికి 1800 మిల్లీమీటర్ల వాన కురిసే కొండ ఇది. ఈ నాచే లేకపోతే కురిసిన వాన కురిసినట్టే వరదై దిగువ ఊళ్ల మీద పడుతుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ప్రభుత్వ సాయంతో ఇలాంటి నేలల్లో కాలువలు తవ్వించారు. ఇప్పుడు మేము వాటికి అడ్డుకట్టలు వేసి పూడుస్తున్నాం.

చెట్లకు సరైన చోటు లోయ వాలుల్లో ఉంది. అక్కడి ముసలి ఓక్ అడవుల్లో కొమ్మకొమ్మకూ నాచు, లైకెన్ వేలాడుతుంటాయి. వాటిని సమశీతోష్ణ వర్షారణ్యం అంటారు. వసంతంలో పైడ్ ఫ్లైక్యాచర్ అనే నలుపు తెలుపు పిట్ట పశ్చిమ ఆఫ్రికా నుంచి ఎగిరొచ్చి ఆ తొర్రల్లో గుడ్లు పెడుతుంది. ఆ అడవుల్లో ఓక్ మొలకలు మేతకు బలైపోకుండా కంచె వేస్తే, నాటే పని కూడా లేకుండా అవే లేస్తాయి.

అపోహ: గొర్రెలు దిక్కూమొక్కూ లేకుండా తిరుగుతున్నాయి. వాటిని తీసేస్తే కొండ బాగుపడుతుంది.

మొదటి ఏడు నేనూ ఈ రెండో మాట నమ్మాను. ఒక పెద్దాయన, ఈ కొండ మీదే పుట్టి పెరిగిన కాపరి, నన్ను మందల దొడ్డికి తీసుకెళ్లి ఒక గొర్రె చెవి పట్టుకుని చూపించాడు. కొసన ఒక కోత, కింద అంచున ఇంకోటి. ఏ ఇంటి గొర్రో ఆ కోతలే చెబుతాయి. "కంచె లేదు కదా, ఎటూ పోవా?" అని అడిగాను. "వాళ్లమ్మ చెప్పింది కదా" అన్నాడు. తల్లి గొర్రె మేసే మేర పిల్లకు పట్టుబడుతుంది, పిల్ల నుంచి దాని పిల్లకు. ఆ మేరను వేల్స్ సొంత భాష వెల్ష్‌లో కనెవిన్ అంటారు. మనిషి తనదనుకునే చోటుకు కూడా అదే మాట. 2001లో గాలికుంటు వ్యాధి వచ్చి మందలకు మందలు చంపేసిన చోట్ల పోయింది ఈ జ్ఞానమే. కొత్త గొర్రెలు కొనుక్కోవచ్చు గానీ, ఆ కొండ తెలిసిన తల్లిని కొనలేం.

గొర్రెలు మరీ ఎక్కువైన కాలం ఉంది, నిజమే. తలకింత అని సబ్సిడీ ఇచ్చిన రోజుల్లో తలలు పెరిగాయి, ఆవులు తగ్గాయి. ముదిరిన మొలీనియా గడ్డిని గొర్రె ముట్టదు. ఆవు, గుర్రం అయితే తింటాయి. అవి లేక ఆ గడ్డి కుదుళ్లు కుదుళ్లుగా కొండలన్నీ కమ్మేసింది. చలికాలం అంతా పాలిపోయి తెల్లగా కనిపించేది అదే. మందలన్నీ తీసేస్తే ఆ గడ్డే ఇంకా పెరుగుతుంది. కావాల్సింది తక్కువ గొర్రెలు, కొన్ని ఆవులు, అవి ఎప్పుడు ఎక్కాలో తెలిసిన కాపరి.

అపోహ: ఇక్కడి పేర్లు నోరు తిరగవు, అర్థం ఉండదు.

తెలుగువాళ్లు ఈ మాట అంటే ఒప్పుకోను. వెల్ష్ కూడా దాదాపు రాసినట్టే పలికే భాష. పైగా మన సరళాదేశం లాంటిదే వాళ్లకూ ఉంది. కోఖ్ అంటే ఎరుపు. క్రైగ్ అంటే బండ, అది స్త్రీలింగం. ఆ రెండూ కలిస్తే క్రైగ్ గోఖ్, ఎర్రబండ. ఇక్కడి ఒక ఆనకట్ట పేరు అదే. పూచెను కలువలు "పూచెను గలువలు" అయినట్టే క గ అయింది. కాబన్ పుంలింగం కాబట్టి కాబన్ కోఖ్‌లో మారలేదు. నాంట్ అంటే వాగు, కూమ్ అంటే లోయ, హవోడ్ అంటే వేసవిలో మందతో పైకెళ్లి ఉండే ఇల్లు, హెండ్రె అంటే చలికాలపు సొంత ఇల్లు. ఈ ప్రాంతంలో వీధిలో వినిపించేది ఎక్కువగా ఇంగ్లిషే. పేర్లు మాత్రం నేల చరిత్రను పట్టుకుని ఉన్నాయి. హవోడ్ అని ఉన్న చోట ఇప్పుడు గోడ కూడా లేకపోయినా, ఒకప్పుడు అక్కడ పాలు పితికారని నాకు తెలుస్తుంది.

అపోహ: ఎర్రగద్దలు గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోతాయి.

అంత బలం వాటికి లేదు. తినేది ఎక్కువగా చచ్చినవి, వానపాములు, చిన్న చిన్న జంతువులు. బ్రిటన్ అంతటా వేటాడి చంపేస్తే ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లకు ఈ మధ్య వేల్స్ లోయల్లో కొద్ది జంటలే మిగిలాయి. వాటి గూళ్లకు స్థానికులు కాపలా కాశారు. ఇవాళ రాయడర్ మీద తల ఎత్తితే చీలిన తోకతో తిరుగుతున్నవి వాటి సంతతే.

నడక గురించి కూడా చాలామంది అడుగుతారు. 2000లో వచ్చిన చట్టం ప్రకారం మ్యాపులో గుర్తించిన కొండనేల మీద కాలిబాట లేకపోయినా నడవొచ్చు. కంచె వేసిన పొలాల్లో మాత్రం బాట వదలకండి, తలుపు ఎలా ఉంటే అలాగే వదిలి వెళ్లండి. గొర్రెలు ఈనే కాలంలో కుక్కను తాడు వదలొద్దు. గడ్డిలో పేలలాంటి పురుగులు ఉంటాయి, ఇంటికెళ్లాక పిల్లల మోకాళ్ల వెనక చూడండి.

పూలచేను చూడాలంటే జూన్ చివరి వారంలో రండి. గట్టు మీద నుంచే చూడొచ్చు, లోపలికి దిగక్కర్లేదు. జులై సగం దాటితే గిలకలు మోగడం మొదలవుతుంది. ఆ తర్వాత ఏ ఎండ రోజైనా కోత యంత్రం వచ్చేస్తుంది.