పక్కా పథకం లేనిదే ఆడలేమా? ‘ది స్ప్రాల్’ గురించి అపోహలు - వాస్తవాలు

“మొదటి మిషన్ పూర్తికాలేదండీ, ఈ ఆట మాకు సరిపడదేమో” అని కొత్త ఆటగాళ్లు నాతో తరచూ అంటుంటారు. ఏం జరిగిందని అడిగితే దాదాపు ప్రతి బృందమూ ఒకే జవాబు చెబుతుంది. సాయంత్రమంతా పథకం వేయడానికే సరిపోయిందనీ, కార్పొరేషన్ భవనంలోకి అడుగుపెట్టే సమయానికి ఇళ్లకు బయలుదేరాల్సిన వేళయిందనీ అంటారు. హామిష్ కామెరాన్ రూపొందించిన ‘ది స్ప్రాల్’ 2016లో వెలువడింది. బల్ల చుట్టూ కూర్చుని, మాటలతో కథ నడుపుతూ, పాచికలు వేసి ఆడే సైబర్‌పంక్ ఆట ఇది. పెద్ద కంపెనీలు, అంటే కార్పొరేషన్లు, ఏలే భవిష్యత్ నగరంలో కిరాయికి పనిచేసే నిపుణుల పాత్రలను ఆటగాళ్లు పోషిస్తారు. హైదరాబాద్‌లో కొత్తవారికి ఈ ఆటను ఎంసీగా, అంటే ఆట నడిపే వ్యక్తిగా, పరిచయం చేస్తూ వస్తున్న నాకు, చక్కగా ఆడగలిగినవారు ఒక్క అపోహ కారణంగా దీన్ని వదిలేసి వెళ్లడం బాధగా ఉంటుంది. అందుకే ఆ అపోహ గురించి వివరంగానూ, మిగిలిన వాటి గురించి క్లుప్తంగానూ రాస్తున్నాను.

అపోహ: ముందుగా అన్నీ ఆలోచించి పెట్టుకోకుండా మిషన్‌కు వెళ్తే ఓడిపోతాం.

వాస్తవం: ఈ ఆటలో పథకం గురించి బల్ల చుట్టూ జరిగే చర్చకు ఎలాంటి ప్రతిఫలమూ లేదు. గంటసేపు వాదించుకున్నా ఒక్క ఇంటెల్ (సమాచారం) పాయింటు రాదు, ఒక్క గేర్ (పరికరాల) పాయింటు రాదు, కథలో ఒక్క క్షణం కూడా ముందుకు కదలదు. ప్రతిఫలమంతా మీ పాత్రలు వీధిలోకి వెళ్లి ఏదో ఒకటి చేసినప్పుడే వస్తుంది. హ్యాకర్ పాత రికార్డులను తవ్వినప్పుడో, ఫిక్సర్ తనకు బాకీపడ్డ మనిషిని పట్టుకున్నప్పుడో, రిపోర్టర్ ఒక ఉద్యోగిని మాటల్లోకి దించినప్పుడో మీరు పాచికలు వేస్తారు, ఇంటెల్‌నో గేర్‌నో చేతిలో పెట్టుకుంటారు. అవి ఖచ్చితంగా ఏమిటో ఆ క్షణంలోనే చెప్పవలసిన పని లేదు. మిషన్ అసలు జరిగే యాక్షన్ దశలో తాళం వేసిన తలుపు ఎదురైనప్పుడు ఒక గేర్ ఖర్చుపెట్టి, “దీన్ని కోసే పరికరాన్ని నిన్ననే తెచ్చి పెట్టుకున్నాను” అని చెప్పి, ఎలా సంపాదించారో ఒక వాక్యంలో వివరిస్తే చాలు, ఆ పరికరం మీ సంచిలో ఉన్నట్టే. ఒక ఇంటెల్ ఖర్చుపెట్టి, “ఈ కాపలాదారు అర్ధరాత్రి దాటాక ఫోన్‌లో మునిగిపోతాడని తెలుసుకున్నాను” అంటే, ఆ సమాచారాన్ని వాడుకుని మీరు చేసే తరువాతి పనికి ఒకటి కలుస్తుంది. అంటే పథకం వేసే తెలివి మీ పాత్రలకు ఉన్నదని ఆట ముందే ఒప్పుకుంటోంది. అనుభవజ్ఞులైన కిరాయి నిపుణులు ఏమి సిద్ధం చేసుకుని ఉంటారో ఆ అవసరం వచ్చినప్పుడు చెప్పే హక్కును మీకు ఇస్తోంది.

ఇది తెలియక తడబడేవారిని నేను తప్పుపట్టను. 1989 నాటి ‘షాడోరన్’ వంటి పాత ఆటల నుంచి వచ్చినవారికి, కొని జాబితాలో రాసుకోని వస్తువు తమ దగ్గర లేనట్టేనన్న అలవాటు స్థిరపడి ఉంటుంది. అసలు ఏ ఆటా ఆడనివారికి ఉండే భయం మరొక రకమైనది. తాము చెప్పే ఒక్క తెలివితక్కువ మాట వల్ల జట్టంతా దెబ్బతింటుందని వారు బెంగపడతారు, అందువల్ల అందరూ సరేననే వరకు ఎవరూ కదలరు. పైగా పని ఒప్పుకునేటప్పుడే తమ క్రెడ్‌ను (పాత్ర పరపతిని సూచించే పాయింట్లను) పణంగా పెట్టాలి, యాక్షన్ క్లాక్ (ప్రమాదం పెరిగే కొద్దీ ముందుకు జరిగే గడియారం లాంటి లెక్క) నిండితే మిషన్ విఫలమవుతుంది. కాబట్టి ఆ భయం పూర్తిగా నిరాధారమని నేను అనను. కానీ ఆ భయానికి సుదీర్ఘ సన్నాహం మందు కాదు. మిషన్‌కు ముందు సమాచారం, పరికరాలు కూడగట్టే లెగ్‌వర్క్ దశకూ ఒక క్లాక్ ఉంది. మీరు తవ్వుతున్న కొద్దీ, తప్పులు దొర్లుతున్న కొద్దీ అది ముందుకు జరుగుతుంది, అవతలి కార్పొరేషన్ అప్రమత్తమవుతుంది. పాత్ర గుణానికి +1 ఉన్నవారు రెండు పాచికలు వేసి దాన్ని కలిపితే మొత్తం 6 లేదా అంతకన్నా తక్కువ, అంటే పని బెడిసికొట్టే ఫలితం, వచ్చే అవకాశం 36లో 10. ఆ లెక్కన “ఇంకొక్కసారి విచారిద్దాం” అంటూ ఏడుసార్లు పాచికలు వేస్తే, సగటున రెండుసార్లు మీ గుట్టు కొంత బయటపడుతుంది. నా బల్ల దగ్గర నేను చెప్పే పద్ధతి ఒక్కటే. ప్రతి ఆటగాడూ లెగ్‌వర్క్‌లో ఒకటి లేదా రెండు పనులు చేయాలి, బృందం చేతిలో నాలుగైదు ఇంటెల్, గేర్ పాయింట్లు పోగవగానే బయలుదేరాలి.

ఒకే కార్యాలయంలో పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు కొందరు ఒకసారి నా దగ్గర ఆడారు. వృత్తిరీత్యా ప్రతి ప్రమాదాన్నీ ముందుగా ఊహించి రాసుకునే అలవాటున్నవారు కాబట్టి, భవనం నమూనాను కాగితంపై గీసి, ఏ అంతస్తులో ఎందరు కాపలాదారులుంటారని నన్ను అడగడం మొదలుపెట్టారు. ఆ సంఖ్య ఇంకా ఎవరూ నిర్ణయించలేదని చెప్పినా వారికి నమ్మకం కలగలేదు. అందరిలోకీ తక్కువ మాట్లాడుతున్న అమ్మాయి ఇన్‌ఫిల్ట్రేటర్ (గుట్టుగా చొరబడే నిపుణుడు) ప్లేబుక్, అంటే ఆ తరహా పాత్ర వివరాల పత్రం, తీసుకుంది. ఆమె వైపు తిరిగి, “మీరు ఇప్పటికే సర్వీస్ లిఫ్టులో ఉన్నారు, తలుపు తెరుచుకోగానే ఒక కాపలాదారు మీ గుర్తింపు కార్డు అడిగాడు, ఏం చేస్తారు?” అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి ఒక గేర్ ఖర్చుపెట్టింది. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో పనిచేసే తన పిన్ని కొడుకు దగ్గర నిన్న సాయంత్రమే యూనిఫాం, కార్డు తీసుకున్నానని చెప్పింది. ఆ పిన్ని కొడుకు ఎవరు, అతనికి ఆమె ఏమి బాకీ, ఈ సంగతి బయటపడితే అతని ఉద్యోగం ఏమవుతుందన్న ప్రశ్నలను మిగిలినవారే లేవనెత్తారు, భవనం నమూనాను ఆ తరువాత ఎవరూ చూడలేదు.

పథకం గురించిన ఈ ఆరాటానికి మూలంలో మరో అపార్థం ఉంది. 10 లేదా అంతకన్నా ఎక్కువ వస్తేనే గెలుపనీ, తక్కినదంతా ఓటమనీ చాలామంది అనుకుంటారు. అదే +1 గుణంతో 7 నుంచి 9 మధ్య ఫలితం వచ్చే అవకాశం 36లో 16, 10 లేదా అంతకన్నా ఎక్కువ వచ్చే అవకాశం 36లో 10 మాత్రమే. అన్నిటికన్నా తరచుగా వచ్చేది, పని జరిగినా దానికి ఏదో ఒక మూల్యం చెల్లించవలసిన ఫలితమే. ఆట నడిచేది దానిమీదే. 6 లోపు వచ్చినప్పుడు కూడా కథ ఆగదు, ఎంసీ ఒక కొత్త చిక్కును ముందుకు తెస్తారు. అనుభవ పాయింట్ల లెక్క కూడా ఇలాగే ఉంటుంది. మీరు ఎంచుకున్న వ్యక్తిగత డైరెక్టివ్, ఉదాహరణకు ఎవరి మీదనో పగ, మిషన్‌కు అడ్డుపడినప్పుడు మీకు అనుభవం లభిస్తుంది. ఏ చిక్కూ రాకుండా పకడ్బందీగా పని ముగించాలని చూసే ఆటగాడు, ఆ అవకాశాన్ని తానే వదులుకుంటున్నాడు.

అపోహ: కంప్యూటర్ల గురించి, హ్యాకింగ్ గురించి తెలిసి ఉండాలి.

వాస్తవం: ఉన్న పది ప్లేబుక్‌లలో హ్యాకర్ ఒకటి మాత్రమే, దానికి కూడా మీరు ఏం చేయదలచుకున్నారో మామూలు మాటల్లో చెప్పి పాచికలు వేస్తే సరిపోతుంది. డ్రైవర్, సోల్జర్, పుషర్ వంటివి తీసుకుంటే ఆ మాత్రం అవసరం కూడా రాకపోవచ్చు.

అపోహ: ఇలాంటి ఆటలు సైబర్ నేరాలు నేర్పుతాయి, పోలీసులు పట్టుకున్న ఉదంతాలు కూడా ఉన్నాయి.

వాస్తవం: ఈ వదంతిని మాత్రం నేను ఓపికగా వినలేను. పిల్లల్ని ఆటకు పంపే తల్లిదండ్రులను ఇది అనవసరంగా కలవరపెడుతోంది. దీనికి ఆధారంగా చెప్పే ఉదంతం 1990 మార్చి 1న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం, ఆస్టిన్ నగరంలో జరిగింది. సీక్రెట్ సర్వీస్ అధికారులు స్టీవ్ జాక్సన్ గేమ్స్ అనే ఆటల ప్రచురణ సంస్థపై దాడి చేసి, అచ్చుకు సిద్ధమవుతున్న ‘గర్ప్స్ సైబర్‌పంక్’ అనే ఆట పుస్తకం రాతప్రతి ఉన్న కంప్యూటర్లను కూడా పట్టుకెళ్లారు. వారు వెతుకుతున్నది అక్కడి ఉద్యోగి ఒకరికి సంబంధం ఉందని అనుమానించిన ఒక టెలిఫోన్ కంపెనీ పత్రం కోసం. సంస్థపై ఏ నేరమూ మోపలేదు, ఆ పుస్తకం అదే ఏడాది అచ్చయింది. సంస్థ వేసిన దావాలో 1993లో న్యాయస్థానం దానికి నష్టపరిహారం చెల్లించమని తీర్పునిచ్చింది. ఈ చివరి భాగాన్ని చెప్పకుండా మొదటి భాగాన్ని మాత్రమే ప్రచారం చేయడం అన్యాయం.

అపోహ: పాచికలున్నాయి కాబట్టి ఇది జూదం.

వాస్తవం: డబ్బు పందెం లేదు. పణంగా పెట్టే క్రెడ్ కాగితం మీది అంకె మాత్రమే.

అపోహ: ‘సైబర్‌పంక్ 2077’ ఆడి ఉంటేనే అర్థమవుతుంది.

వాస్తవం: 2020లో వచ్చిన ఆ వీడియో గేమ్‌కు ఆధారం మైక్ పాండ్‌స్మిత్ రూపొందించి 1988లో విడుదలచేసిన మరో టేబుల్‌టాప్ ఆట. ‘ది స్ప్రాల్’కు ముందే కట్టిన ప్రపంచం లేదు. మొదటి సమావేశంలో ప్రతి ఆటగాడూ ఒక కార్పొరేషన్‌ను సృష్టిస్తాడు, నగరం ఎక్కడ ఉందో అందరూ కలిసి తేల్చుకుంటారు.

అపోహ: ఇంగ్లిష్ ధారాళంగా రావాలి, నటించడం తెలిసి ఉండాలి.

వాస్తవం: పుస్తకం ఇంగ్లిష్‌లో ఉన్న మాట నిజమే, కానీ దాన్ని పూర్తిగా చదవవలసింది ఎంసీ ఒక్కరే. మా బల్ల దగ్గర మూవ్‌ల (ఆట నియమాల్లోని చర్యల) పేర్లు తప్ప తక్కినదంతా తెలుగులోనే నడుస్తుంది. గొంతు మార్చి మాట్లాడవలసిన అవసరం లేదు, “మా హంటర్ అతని వెనకాలే వెళ్తాడు” అని ప్రథమ పురుషలో చెప్పినా పాచికల ఫలితం మారదు. మొహమాటపడేవారికి నేను ముందురోజే ప్లేబుక్ పంపి, అందులో వాడబోయే మూడు నాలుగు మూవ్‌ల అర్థాన్ని ఫోన్‌లో తెలుగులో వివరిస్తాను. ఆ తరువాత వారు తెచ్చుకోవలసింది ఒక పెన్సిలూ రెండు మామూలు పాచికలే.