వీల్‌చైర్ బాల్‌రూమ్ డాన్సు నేర్పేవాళ్ల అపోహలు – వాస్తవాలు

బాల్‌రూమ్ అంటే వాల్ట్జ్, చాచా లాంటి జంట డాన్సులు. విజయవాడ, గుంటూరుల్లో డాన్సు మాస్టర్లకి కొరత లేదు. వీల్‌చైర్‌లో స్టూడెంటు గుమ్మం దాటి వచ్చేసరికి మాత్రం చాలామందికి కాళ్లూ చేతులూ ఆడవు. ఆడకపోయినా నయమే. ఎక్కువమంది చేతులు నేరుగా కుర్చీ వెనక హ్యాండిళ్ల మీదకి పోతాయి.

అపోహ: నిలబడ్డ పార్ట్‌నర్ డాన్సు చేస్తారు, కుర్చీలో ఉన్నవాళ్లని తోస్తారు

తొయ్యడం రవాణా అవుతుంది, డాన్సు అవదు. ఒకరు నిలబడి, ఒకరు కుర్చీలో చేసేదాన్ని కాంబి అంటారు. ఇద్దరూ కుర్చీల్లోనే ఉంటే డ్యువో. కాంబిలో కూడా కుర్చీని నడిపేది కూర్చున్నవాళ్లే. హ్యాండిల్ పట్టుకుని వెనక్కి గుంజితే ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి. జోరుగా తోసి టక్కున ఆపితే కుర్చీ ఆగుతుంది గానీ, నడుము పట్టు లేని మనిషి ఆగరు, ముందుకి తూలతారు.

మరి పట్టు ఎలా? కూర్చున్నవారి ఎడమ చెయ్యి ఎదురుగా ఉన్న పార్ట్‌నర్ చేతిలో, కుడి చెయ్యి రిమ్ము మీద, అంటే చక్రం బయట చేత్తో తోసే వలయం మీద ఉందనుకోండి. కుడి రిమ్ము ఒక్కటే తోస్తే కుర్చీ ఎడమకి తిరుగుతుంది. తిన్నగా రావాలంటే, రిమ్ము తోసిన క్షణంలోనే పార్ట్‌నర్ ఒంటి బరువుతో ఒక అడుగు వెనక్కి వెయ్యాలి. అప్పుడు ఎడమ వైపు కూడా అంతే లాగు పడుతుంది. అడుగు ఆలస్యమైతే కుర్చీ ఎడమకి పోతుంది, తొందరపడితే కుడికి పోతుంది. కాబట్టి కుర్చీ ఎటు పోయిందో చూస్తే తప్పు ఎవరిదో తెలిసిపోతుంది. మొదట్లో అది ఎక్కువసార్లు నిలబడ్డవాళ్లదే.

వేళ్లు కొక్కెంలా ఉండాలి, పిడికిలి బిగించకూడదు. రెండు అరచేతుల మధ్య న్యూస్‌పేపర్ ముక్క ఒకటి పెట్టి పాట వెయ్యండి. పాట అయ్యేలోపు ముక్క జారిపడితే పట్టు వదులు, నలిగి ఉండైపోతే పట్టు బిగువు. చెప్పి నేర్పడం కంటే ఈ ముక్క త్వరగా నేర్పుతుంది.

పక్షవాతం వచ్చిన చేతిని, పోలియోతో బలం పోయిన భుజాన్ని మాత్రం లాగనే కూడదు, భుజం కీలు జారుతుంది. ఆ వైపు పట్టు చేతికి ఉండకూడదు, వీపు మీద ఉండాలి. నిలబడ్డవాళ్లు కూడా వంగాల్సింది మోకాళ్ల దగ్గర, నడుము దగ్గర కాదు. ఫుట్‌రెస్టుకి ఎదురుగా అడుగేస్తే పిక్కల ముందు ఎముక పచ్చడవుతుంది. అడుగెప్పుడూ ఫుట్‌రెస్టుకి పక్కనే పడాలి.

అపోహ: ఆస్పత్రి కుర్చీ చాలు. లేదా, లక్షలు పోసి స్పోర్ట్స్ కుర్చీ కొనాల్సిందే

రెండూ సగం సగం నిజాలు. మడత పడే మామూలు ఇనప కుర్చీ పదిహేను కిలోల పైమాటే. వెనక చక్రాల ఇరుసు బాగా వెనక ఉంటుంది, మనిషి బరువు ముందు చిన్న చక్రాల మీద పడుతుంది. అందుకే తిరగడానికి మొరాయిస్తుంది. చురుగ్గా కదలడానికి చేసిన యాక్టివ్ కుర్చీలో ఇరుసు ముందుకి జరిగి ఉంటుంది, చక్రాలు పైన దగ్గరగా, కింద ఎడంగా వాలి ఉంటాయి. ఆ వాలునే క్యాంబర్ అంటారు. దానివల్ల కుర్చీ చిటికెలో తిరుగుతుంది, పక్కలకి ఒరగదు. ఇరుసు ముందుకి జరిగేకొద్దీ వెనక్కి పల్టీ కొట్టే ప్రమాదం మాత్రం పెరుగుతుంది. అందుకే ఇరుసుని ఒకేసారి కాకుండా ఒక్కో రంధ్రం చొప్పున జరపండి. వెనక బుల్లి చక్రాలు, అంటే యాంటీ టిప్పర్లు, అలవాటు పడేదాకా తియ్యొద్దు.

కొత్త కుర్చీ కొనమని సలహా ఇచ్చేముందు ఉన్న కుర్చీకి పావుగంట సేవ చెయ్యండి. చేతులు పెట్టుకునే ఆర్మ్‌రెస్టులు ఊడేవైతే ఊడదియ్యండి, రిమ్ము అందుతుంది. గాలి చూడండి. ఎంత కొట్టాలో టైరు పక్కన అచ్చేసి ఉంటుంది. ఒక టైరులో గాలి తక్కువుంటే కుర్చీ ఆ పక్కకే లాగుతుంది, మాస్టరేమో స్టూడెంటు చెయ్యి బలహీనమని వారాల తరబడి ఎక్సర్‌సైజులు చేయిస్తుంటారు. తర్వాత ముందు చక్రాలు. చక్రానికీ ఫోర్కుకీ మధ్య సందులో తలవెంట్రుకలు, చీర పోగులు చుట్టుకుని నల్లగా ఉండకట్టి ఉంటాయి. బ్లేడుతో కోసి, సన్నపట్కారుతో లాగెయ్యండి. నూనె పొయ్యొద్దు, దుమ్ము పట్టి మళ్లీ మొదటికొస్తుంది. చక్రం వేగంలో గజగజ ఊగుతుంటే ఫోర్కు పైనున్న నట్టు వదులైనట్టు. ఊగు పోయేంత బిగించండి, స్వేచ్ఛగా తిరగడం ఆగేంత కాదు. ఇంతవరకూ ఏ సైకిల్ షాపులోనైనా అయిపోతుంది.

అపోహ: మామూలు స్టెప్పులే, కాళ్లకి బదులు చక్రాలు

చక్రం పక్కకి నడవదు. మొత్తం సిలబస్ మారేది ఈ ఒక్క కారణానికే. నిలబడి పక్కకి వేసే అడుగు, కుర్చీలో ఏటవాలు గీతో వంపో అవుతుంది. వాల్ట్జ్‌లో మడమలెత్తి దించే ఎగుడుదిగుడు ఊపిరిలోకీ, వెన్నులోకీ, తోపు నిడివిలోకీ వస్తుంది.

వాల్ట్జ్ పోటీ వేగం నిమిషానికి 28 నుంచి 30 బార్లు (తాళం ఆవర్తాలు), బారుకి మూడు దెబ్బలు (బీట్లు), అంటే 84 నుంచి 90 దెబ్బలు. కొత్తవాళ్లు ప్రతి దెబ్బకీ ఒక తోపు తోస్తారు, కుర్చీ కుదుపుల ఎడ్లబండి అవుతుంది. ఒకటికి ఒక పొడుగాటి తోపు, రెండూ మూడూ జారుడు. అంతే. తోపు గడియారం ముల్లు పదకొండు దగ్గర మొదలై రెండు దగ్గర వదలాలి, చెయ్యి కింద నుంచి చుట్టి తిరిగి రావాలి. మన పిల్లలకి ‘వన్ టూ త్రీ’ కంటే ‘తకిట తకిట’ అంటే ముందు పడుతుంది. చాచాకి ‘తకధిమి’. కూచిపూడి గ్రామం పక్కనే కృష్ణా జిల్లాలో ఉంది. ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి, పళ్లేన్నే జరుపుతూ చేసే తరంగం చూసిన జనానికి, పాదం నేల తాకకుండా డాన్సేమిటన్న సందేహం రావడం మాకు కాస్త వింతే.

చాచాలో అసలు చిక్కు ముందు చక్రాలది. కుర్చీ ముందుకి పోతున్నప్పుడు అవి వెనక్కి తిరిగి ఉంటాయి. వెనక్కి పోవాలంటే సగం చుట్టు తిరిగి రావాలి. ఆ తిరిగే క్షణంలో కుర్చీ ఓ పక్కకి చిన్నగా తన్నుతుంది. నిమిషానికి 120 నుంచి 128 దెబ్బలుండే చాచాలో ఆ తన్నుకే తాళం తప్పుతుంది. స్టూడెంటుకి లయ తెలియక కాదు. మందు ఏమిటంటే, తిన్నగా ఆపి తిన్నగా వెనక్కి తియ్యకండి. ఆపేముందు కొద్దిగా వంపు తీయించండి. రెండు చక్రాలూ ఒకే వైపుకి తిరుగుతాయి, తన్ను తగ్గుతుంది. తోపు కూడా అర దెబ్బ ముందే మొదలవ్వాలి. మాస్టరు ఒక వారం తాను కుర్చీలో కూర్చుని చేస్తే తప్ప ఇది ఒంటికి తెలియదు. కూర్చోని మాస్టరు నేర్పకపోవడమే మంచిదని మా గట్టి అభిప్రాయం.

అపోహ: ఇదంతా సరదా, పోటీలుండవు

వీల్‌చైర్ డాన్సు స్వీడన్‌లో 1968లో మొదలైంది. ప్రపంచ ఛాంపియన్‌షిప్ మొదటిసారి 1998లో జపాన్‌లో జరిగింది. 2016 నుంచి దీని పేరు పారా డాన్స్ స్పోర్ట్. పారాలింపిక్స్‌లో మాత్రం లేదు. ఉందని చెప్పి ఫీజు వసూలు చేసేవాళ్లుంటే నమ్మకండి.

పోటీల్లో క్లాస్ 1, క్లాస్ 2 అని విభాగాలుంటాయి. నడుము, చేతులు ఎంత పనిచేస్తాయన్నదాన్ని బట్టి నిర్ణయిస్తారు. సదరం సర్టిఫికెట్‌లోని వైకల్య శాతం దీనికి పనికిరాదు, క్లాసులో చేర్చుకోవడానికీ పనికిరాదు. ఎనభై శాతం రాసి ఉన్నవారికి నడుము గట్టిగా ఉండొచ్చు, యాభై ఉన్నవారికి లేకపోవచ్చు. బెల్టు పెట్టి, మీరు ఎదురుగా నిలబడి, రెండు చేతులూ ఛాతీ మీద కట్టుకుని కొద్దిగా ముందుకి వంగి లేవమనండి. ఆ పది సెకన్లలో కాగితం చెప్పనిది తెలుస్తుంది. ప్రశ్నలు మాత్రం స్టూడెంటునే అడగండి, వెంట వచ్చిన అమ్మగారిని కాదు. కుర్చీ మీద చెయ్యి వేసేముందు కూడా అడగండి.

అపోహ: పెళ్లి హాలు దొరికితే చాలు

గ్రానైట్ నేల చక్రాలకి హాయి, తివాచీ శత్రువు. గుమ్మం దగ్గర ఆరంగుళాల మెట్టుంటే ఆరడుగుల ర్యాంపు కావాలి, 1:12 లెక్క. రెండడుగుల చెక్క వేసి ‘ర్యాంపు ఉందండీ’ అంటే కుదరదు. ఒక జంటకి కనీసం పదడుగుల చదరం వదలండి. బాత్‌రూమ్ తలుపు వెడల్పు మీరే టేపు పెట్టి కొలవండి, 90 సెంటీమీటర్లుండాలి. క్యాంబర్ ఉన్న కుర్చీ కింద ఇంకాస్త వెడల్పు.

చున్నీ స్పోకుల్లో పడితే మెడకి చుట్టుకుంటుంది. భుజం మీద పిన్ను చాలదు, నడుముకి కట్టాలి, లేదా పక్కన పెట్టాలి. చీరైతే కొంగు బొడ్లో దోపి, స్పోకులకి గార్డు పెట్టాలి. మట్టిగాజులు తియ్యాల్సిందే.

అపోహ: కూర్చుని చేసేదే కదా, ఒంటికి ఏం శ్రమ?

రోజంతా కుర్చీ తోసే భుజాలతోనే డాన్సూ చెయ్యాలి. కాబట్టి గంట క్లాసులో తోపులు వరసగా ఉండకూడదు. పది నిమిషాలు తోస్తే, తర్వాతి పది చేతుల భంగిమలు. భుజం ముందు భాగంలో నొప్పి మొదలైతే ఆ రోజుకి అక్కడితో ఆపాలి.

వెన్నుపూస దెబ్బ పైన తగిలిన వాళ్లకి దెబ్బ కింది భాగంలో చెమట సరిగా పట్టదు. రోహిణి కార్తెలో బెజవాడ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఆ రోజుల్లో క్లాసు పొద్దున ఎనిమిదిలోపు ముగించండి. నీళ్లు తాగిస్తే సరిపోదు, స్ప్రే బాటిల్‌తో ముఖం, మెడ, చేతుల మీద నీళ్లు కొట్టి ఫ్యాను కింద ఉంచాలి. ఎండలో నిలిపిన కుర్చీ ఇనుము, సీటు ముట్టుకుని చూశాకే కూర్చోనివ్వండి. స్పర్శ లేని తొడకి కాలినా తెలియదు. నాడి లెక్కపెట్టి శ్రమ కొలవడం కూడా వీళ్ల దగ్గర పొరపాటు, గుండె వేగం ఎక్కువ పెరగదు. మాట్లాడుతూ చెయ్యగలుగుతున్నారా అన్నదే గుర్తు.

ఇంకొకటి ప్రతి మాస్టరూ కంఠస్థం చెయ్యాలి. ఛాతీ వెన్నుపూసల్లో ఆరోదాని దగ్గర గానీ ఆ పైన గానీ దెబ్బ ఉన్నవాళ్లకి హఠాత్తుగా తల పగిలే నొప్పి, ముఖం ఎర్రబడటం, పైభాగంలో చెమటలు వస్తే అది బీపీ ప్రమాదకరంగా పెరిగిన లక్షణం. పేరు ఆటనామిక్ డిస్‌రెఫ్లెక్సియా. పడుకోబెట్టకూడదు. నిటారుగా కూర్చోబెట్టండి. బెల్టు, కాళ్ల పట్టీలు, బిగుతు బట్టలు వదులు చెయ్యండి. మూత్రం గొట్టం మడత పడిందేమో చూడండి, ఎక్కువసార్లు కారణం అక్కడే ఉంటుంది. నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చెయ్యండి. అందుకే క్లాసుకి ముందు బాత్‌రూమ్‌కి వెళ్లిరావడం మా దగ్గర వార్మప్‌లో భాగం.

కూర్చున్న చోట ఒత్తిడికి పడే పుండ్ల సంగతి చివర్లో చెప్తున్నాం గానీ, డాన్సు మానిపించేది ఎక్కువగా ఇదే. తిరిగినప్పుడల్లా సీటు మీద తొడ, పిరుదు రాసుకుంటాయి. అరగంటకోసారి పాట ఆపి, ముందుకి బాగా వంగించి రెండు నిమిషాలు బరువు దించండి. ఇంటికి వెళ్లాక అద్దం పెట్టి చూసుకోమనండి. ఎర్రమచ్చ ఉండి, బరువు దించిన అరగంటకి కూడా పోలేదంటే, ఆ మచ్చ పూర్తిగా మాయమయ్యేదాకా క్లాసుకి రానివ్వకండి, మర్నాడు స్టేజీ ప్రోగ్రాం ఉన్నా సరే.