సంపాదకుడు లేని కథ వెనుక చరిత్ర

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో కొత్తగా కలం పడుతున్నవారు దయ్యాల కథనో, నేర పరిశోధన కథనో రాసి, ఏ పత్రిక అంగీకారానికీ ఎదురుచూడకుండా ఆ రాత్రికే ఫోనులో ప్రచురించుకోగలుగుతున్నారు. దీన్ని పూర్తిగా ఇంటర్నెట్ ఇచ్చిన స్వేచ్ఛగా చెప్పుకోవడం పరిపాటి. నిజానికి అందులో కొంత అచ్చు కాలంలోనే మొదలైంది. మిగతాది ఆలస్యం కావడానికి ముఖ్య కారణం లిపి.

అప్పటి చిత్తూరు జిల్లాలోని దామలచెరువులో ఉపాధ్యాయుడిగా ఉంటూ రాసిన మధురాంతకం రాజారాం (1930–1999) కథాసంపుటికి 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆ తరం రచయితకు పాఠకుడిని చేరే దారి పత్రిక ఒక్కటే. ఆ పత్రికల కార్యాలయాలేమో మద్రాసులోనో విజయవాడలోనో హైదరాబాదులోనో ఉండేవి. ఈ జిల్లా పల్లెల మాటను దిద్దకుండా కథలోకి తెచ్చిన నామిని సుబ్రహ్మణ్యం నాయుడు పత్రికల్లో పేరు తెచ్చుకున్నాక తన పుస్తకాలను తానే అచ్చువేయించుకుని అమ్మారు. స్వతంత్ర ప్రచురణకు ఈ ప్రాంతంలో ఇంతకంటే గట్టి పూర్వరంగం మరొకటి లేదనే నా అభిప్రాయం. అయితే ఆ పని కాగితానికీ అచ్చుకూలికీ డబ్బు పెట్టగలిగినవారికే సాధ్యం.

అపరాధ పరిశోధన, చేతబడి, శృంగారం వంటి ఇతివృత్తాల దారి వేరు. 1970, 80 దశకాల్లో వారపత్రికలను అమ్ముడుపోయేలా చేసినవి చాలావరకు అటువంటి సీరియళ్లే అయినా, 1990 నుంచి వెలువడుతున్న ‘కథ’ వంటి ఏటేటి సంకలనాలు ప్రధానంగా వాస్తవికతావాద కథల వైపే మొగ్గాయి. జనం ఆదరించిన ఆ కథలను విమర్శ గంభీరంగా చదవనే లేదు.

1998లో అమెరికాలోని తెలుగువారు ‘ఈమాట’ అనే వెబ్ పత్రికను ప్రారంభించినప్పుడు తెలుగును తెర మీద చూపడమే ఒక సాధన. ఇక్కడి డీటీపీ కేంద్రాల్లో అను ఫాంట్లతో కూర్చిన కథ ఆ ఫాంటు లేని కంప్యూటరులో అర్థంలేని గుర్తులుగా మారిపోయేది. ఏ కంప్యూటరులోనైనా తెలుగు ఒకేలా కనిపించేలా చేసే యూనికోడ్ వ్యాపించి, 2006లో ‘లేఖిని’ అనే టైపింగు సాధనం వచ్చిన తరువాత, ఇంగ్లీషు కీబోర్డుతోనే తెలుగు రాయడం మామూలు పాఠకుడికీ అలవాటైంది. తొలి ఆండ్రాయిడ్ ఫోన్లు తెలుగును చూపలేకపోవడం వల్ల మరికొన్నేళ్లు పోయాయి. 2016 చివర అమెజాన్ వారి ఈ-పుస్తక వేదిక కిండిల్ తమిళం సహా అయిదు భారతీయ భాషలకు చోటు కల్పించినప్పుడు వాటిలో తెలుగు లేదు. చిత్తూరు దాటి గంట ప్రయాణం చేస్తే వచ్చే తమిళనాడులోని వేలూరు రచయిత తన పుస్తకాన్ని అక్కడ స్వయంగా అమ్ముకోగలిగితే, ఇవతలివాడికి ఆ వీలు లేకపోయింది. తెలుగు ఈ-పుస్తకాలకు ‘కినిగె’ వంటి మన సంస్థలే దిక్కయ్యాయి.

ఆ లోటును చాలావరకు పూడ్చింది 2014లో బెంగళూరులో పుట్టిన ‘ప్రతిలిపి’ అనే కథల యాప్. 2016లో జియో రాకతో డేటా చవకై, భాగాలు భాగాలుగా సాగే దయ్యాల కథలకూ ప్రేమకథలకూ వారపత్రిక నాటి పాఠకులే, ముఖ్యంగా స్త్రీలు, మళ్లీ దొరికారు. రచయితల్లోనూ స్త్రీలు చాలామంది. 2020 లాక్‌డౌన్ కాలంలో ‘విపుల’, ‘నవ్య’ వంటి పత్రికల అచ్చు నిలిచిపోవడంతో, కొత్త రచయితకు పత్రిక తలుపు తట్టే అవకాశం ఇంకా కుదించుకుపోయింది.

తేలవలసిన ప్రశ్న భద్రపరచడం గురించి. కథకుడు కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథల గ్రంథాలయం ‘కథానిలయం’ పాత పత్రికలను వెతికి తెచ్చి వేలాది కథలను నిలబెట్టింది. అచ్చుప్రతి ఎక్కడో ఒక అటక మీద మిగిలి ఉండబట్టే అది వీలైంది. యాప్‌లో మాత్రమే వెలువడిన కథకు అటువంటి రెండో ప్రతి ఉండదు. రచయిత తొలగించినా, సంస్థ మూతపడినా, తిరుపతి యాసలో ఇప్పుడు రాస్తున్న దయ్యాల కథలు రేపటి సంకలనకర్తకు దొరకవు. వాటిని సేకరించే బాధ్యతను విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు తీసుకోవాలా, రచయితలే తీసుకోవాలా అన్నదానిపై ఇంకా చర్చ కూడా సరిగా మొదలుకాలేదు.