4625 కిలోహెర్ట్జ్ దగ్గర పొద్దు గూకితే

డిసెంబరులో ఒక రాత్రి, తొమ్మిది కావస్తోంది. అనంతపురంలో మా ఇంట్లో భోజనాలు ముగిసి పడకలు వేస్తున్నారు. నేను చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఫోన్లో నెదర్లాండ్స్ ఆకాశాన్ని వింటున్నాను. అక్కడి ట్వెంటే విశ్వవిద్యాలయంలో 2008లో ఒక షార్ట్‌వేవ్ రిసీవర్‌ను ఇంటర్నెట్‌కు కలిపి అందరికీ వదిలేశారు. ఎవరికి కావలసిన చోటికి వాళ్లు ముల్లు తిప్పుకోవచ్చు, ఒకరు తిప్పితే ఇంకొకరికి అడ్డం రాదు. నేను 4625 కిలోహెర్ట్జ్ దగ్గర ఆపాను. ముందు వాన హోరులాంటి చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ హోరు అడుగున, చెవి పెడితే తప్ప తెలియనంత సన్నగా, ఒక బజర్. జుయ్‌మని సెకను సేపు మోగి, సెకను ఆగి, మళ్లీ జుయ్. నిమిషానికి సుమారు ఇరవై ఐదు సార్లు. అరగంటకల్లా అది పక్కింటి కాలింగ్‌బెల్ అంత గట్టిగా మోగసాగింది.

ఇది రష్యా సైనిక ప్రసారం. వినేవాళ్లు దీనికి బజర్ అనే పేరు పెట్టుకున్నారు. 1980ల నుంచి రాత్రింబవళ్లు మోగుతూనే ఉంది. ఎప్పుడో ఒకసారి బజర్ ఆగి ఒక గొంతు కొన్ని పేర్లు, అంకెలు చదివి తప్పుకుంటుంది. వాటి అర్థం నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. నన్ను కట్టిపడేసింది ఆ అరగంటలో జరిగిన మార్పు. అక్కడ ప్రసారం బలం పెంచిందీ లేదు, ఇక్కడ నేను ముట్టుకున్నదీ లేదు. మనకు తొమ్మిదయ్యే వేళకు డిసెంబరులో నెదర్లాండ్స్‌లో సూర్యుడు అస్తమిస్తాడు. నేను విన్నది ఆ అస్తమయాన్నే.

భూమికి 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో గాలి అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఎండ ఊడగొడుతుంది. అలా ఏర్పడే పొరను డి పొర అంటారు. తక్కువ ఫ్రీక్వెన్సీ రేడియో తరంగాలను అది పగలంతా మింగేస్తుంది. ఎండ పోగానే ఆ ఎలక్ట్రాన్లు మళ్లీ అణువుల్లో కలిసిపోయి పొర దాదాపు మాయమవుతుంది. ఇంకా పైన, 250 కిలోమీటర్లు దాటాక, గాలి బాగా పలచన. అక్కడ ఎలక్ట్రాన్లు తిరిగి కలవడానికి చాలాసేపు పడుతుంది కాబట్టి ఎఫ్ పొర రాత్రి కూడా నిలిచి, తరంగాన్ని నేల వైపు వంచి పంపుతుంది. ఇది మన సీమవాళ్లకు కొత్తేం కాదు. కడప ఆకాశవాణి 900 కిలోహెర్ట్జ్ మీద పగలు నిక్కచ్చిగా వినబడేది. పొద్దు గూకాక అదే రేడియోలో ముల్లు కాస్త కదిపితే చాలు, పగలు జాడ లేని ఎక్కడెక్కడివో భాషలు మీద పడేవి. తాతలు రేడియోకు రాత్రిపూట బలం వస్తుందనేవాళ్లు. బలం వచ్చింది ఆకాశానికి.

ఎఫ్ పొర మీద ఒక్క దూకుడుకు తరంగం మహా అయితే 4,000 కిలోమీటర్లు పోతుంది. బజర్ వస్తుందనుకునే మాస్కో ప్రాంతం నుంచి అనంతపురానికి ఐదున్నర వేల కిలోమీటర్లు దాటుతుంది. అంటే అది మన దాకా రావాలంటే దారిలో ఎక్కడో నేలను తాకి మళ్లీ పైకి లేవాలి.

బజర్ కంటే నాకు ఇష్టమైనది అమెరికా వైమానిక దళం వాళ్లు సందేశాలు చదవడం. 8992, 11175 కిలోహెర్ట్జ్‌ల మీద మామూలు ఇంగ్లీషులోనే మాట్లాడతారు. ముందు ఆరు అక్షరాలను మూడుసార్లు చెబుతారు. తర్వాత, ఎక్కువగా ముప్పై అక్షరాలూ అంకెలూ ఉన్న ఒక సందేశాన్ని తొందర లేకుండా చదివి, మళ్లీ మొదటి నుంచి చదువుతారు. వాళ్ల కేంద్రాల్లో ఒకటి హిందూ మహాసముద్రంలోని డియేగో గార్షియా దీవిలో ఉంది. అనంతపురానికి అది మాస్కోలో సగం దూరం కూడా కాదు.

ఇంత బాహాటంగా ఎందుకు చదువుతారు? సందేశం సంకేత భాషలో ఉంటుంది, తాళంచెవి లేనివాడికి అవి ఉత్త అక్షరాలు. అసలు దాచవలసింది వినేవాణ్ని. ఏ సముద్రం మీద ఏ విమానం వింటోందో ఎవరికీ తెలియకూడదు. జవాబు పలికితే చోటు బయటపడుతుంది, ఊరికే వినే రేడియో ఆచూకీ పట్టడం చాలా కష్టం. అందుకే అందరికీ వినబడేలా చదివి ఊరుకుంటారు.

ఆ గొంతు మామూలు రేడియోలో బాతు అరుపులా ఉంటుంది. మామూలు ప్రసారంలో మాటను మోసే వాహక తరంగమే శక్తిలో మూడింట రెండు వంతులో, అంతకన్నా ఎక్కువో తినేస్తుంది. వీళ్లు దాన్ని తీసేసి మాట ఉన్న ఒక పక్క భాగాన్నే పంపుతారు. తీసేసిన తరంగాన్ని మన రిసీవరే తయారుచేసి కలుపుకోవాలి, అప్పుడే బాతు మనిషవుతుంది.

ఇక ఆ అక్షరాలు పలికే తీరు. అనంతపురం టమోటా మండీలో వేలం నడుస్తుండగా ఫోన్లో రేటు అడిగిన రైతుకు ఈ బాధ తెలుసు. అవతల ‘అరవై’ అంటే ఇవతల ‘ఇరవై’ అని వినబడుతుంది. అందుకే ‘ఆరు సున్నా’ అని విడగొట్టి చెప్పిస్తాం. ఏ, బీ, సీలకు బదులు పలికే ఆల్ఫా, బ్రావో, చార్లీ అనే పదాల వరసను కూడా వేర్వేరు దేశాలవాళ్లతో పలికించి, హోరులో వినిపించి పరీక్షించాకే 1956లో అమల్లోకి తెచ్చారు. అందులో 9ని ‘నైనర్’ అంటారు, 5తో కలగలిసిపోకుండా. రష్యావాళ్లు మనుషుల పేర్లే వాడతారు: మిఖాయిల్, ద్మిత్రీ, బోరిస్. మనం ఫోన్లో ‘ఆర్ ఫర్ రాము’ అన్నట్టే. ఫిరంగి దళాల్లో ఇంకో జాగ్రత్త ఉంది. సరిగా వినబడకపోతే ‘సే అగైన్’ అనాలి, ‘రిపీట్’ అనకూడదు. వాళ్ల దగ్గర రిపీట్ అంటే అదే చోట మళ్లీ కాల్చమని! ఒక మాటను ఎన్నుకోవడంలో ఇంత ఆలోచన ఉంటుందని నాకు ఈ హాబీలోకి దిగాకే తెలిసింది.

ఇంటి రేడియోలో ప్రయత్నిస్తే ముందు ఇంటితోనే గొడవ. ఎల్‌ఈడీ బల్బు, ఇన్వర్టర్, ఫోన్ చార్జర్, అన్నీ షార్ట్‌వేవ్ మీద గీపెడతాయి. ఒక్కొక్కటే ఆపుకుంటూ పోతే దొంగ దొరుకుతుంది. మా ఇంట్లో దొంగ హాల్లోని బల్బు. ఊళ్లో కరెంటు పోయిన రాత్రి బ్యాటరీ రేడియో ఆన్ చేసి చూడండి, ఆ నిశ్శబ్దం వేరు.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. మన సైన్యం, పోలీసుల మాటలు చాటుగా వినడం నేరం. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టంలో దీనికి జైలు శిక్ష కూడా ఉంది. కర్నూలు దగ్గర రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ పరీక్షా క్షేత్రం ఉంది, 2025 ఏప్రిల్‌లో లేజర్ ఆయుధాన్ని పరీక్షించింది అక్కడే. అటువైపు చెవి పెట్టాలన్న ఆలోచనే రాకూడదు. సరదాకు చేసినా తప్పే. నా నోట్‌బుక్‌లో సందేశాలు రాయను. తేదీ, టైము, ఫ్రీక్వెన్సీ, ఎంత గట్టిగా వినబడింది, అంతే.

ఈ ఆసక్తికి మన దగ్గర రాచబాట హామ్ లైసెన్సు, అంటే సరదాకు రేడియో నడిపేవాళ్లకు ఇచ్చే అనుమతి. పన్నెండేళ్లు నిండినవాళ్లు పరీక్ష రాయవచ్చు. పాసై లైసెన్సు అందుకుంటే వీయూతో మొదలయ్యే కాల్‌సైన్, అంటే రేడియోలో మన గుర్తింపు పేరు, ఇస్తారు, వినడమే కాదు, మాట్లాడవచ్చు కూడా. మా అమ్మాయికి వచ్చే జూన్‌లో పన్నెండు నిండుతాయి. నోట్‌బుక్‌లో బజర్ పక్కన ‘సన్నగా’, ‘గట్టిగా’ అని రాసే పని ఇప్పటికే తను తీసుకుంది. మొన్న మధ్యాహ్నం ఒంటిగంటకు, అక్కడ పొద్దు పొడిచాక, బజర్ నెమ్మదిగా హోరులో మునిగిపోతుంటే గడియారం చూసి టైము రాసింది.