మెట్రో కంటే ముందు సుల్తాన్‌బజార్

2020 ఫిబ్రవరి 7న హైదరాబాద్‌లో జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ (ఎంజీబీఎస్) దాకా మెట్రో రైలు మొదలైంది. సుల్తాన్‌బజార్ వ్యాపారులకు మాత్రం అది ఏళ్ల తరబడి వద్దన్న రైలు. అసలే ఇరుకు వీధి, అందులో పిల్లర్లు లేస్తే మా దుకాణాల గతేమిటని వాళ్లు బంద్‌లు పాటించారు, రోడ్డెక్కారు. 2014లో తెలంగాణ ప్రభుత్వం కూడా దారి మార్చి కోఠి మహిళా కళాశాల వైపు నుంచి తీసుకెళ్లాలని అడిగింది. చివరికి రైలు పాత మార్గంలోనే వచ్చింది.

ఇంత పెద్ద బజారు ఇంత ఇరుకు వీధిలో ఎందుకు పెరిగిందో తెలియాలంటే ఆ కళాశాల దగ్గరికే పోవాలి. నిజాం దర్బారులో బ్రిటిష్ వాళ్ల ప్రతినిధిని రెసిడెంటు అనేవారు. కిర్క్‌పాట్రిక్ రెసిడెంటుగా ఉన్నప్పుడు, 1803లో కట్టడం మొదలైన బ్రిటిష్ రెసిడెన్సీ అది. జనం 'కోఠి' అన్నది ఆ భవంతినే. మూసీకి అవతల నిజాం నగరం, ఇవతల రెసిడెంటు. ఆ భవంతి చుట్టూ ఉన్న బజార్లలో నిజాం అధికారం చెల్లేది కాదు. పోలీసు, కోర్టు అన్నీ రెసిడెంటువే. సాహుకార్లకూ వర్తకులకూ అదే భరోసా. అందుకే దుకాణం పక్కన దుకాణం ఆనుకుంటూ ఇక్కడే చేరారు.

1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలాఉద్దీన్ నాయకత్వంలో జనం రెసిడెన్సీ మీద తిరగబడ్డారు. పుత్లీబౌలి వైపు ఎదురుగా ఉన్న ఇళ్లలోంచి కాల్పులు సాగాయి. ఆ తర్వాత బ్రిటిష్ వాళ్లు ప్రహరీని మరింత పటిష్ఠం చేసుకున్నారు.

నాకు ఈ బజారు మీద మమకారం మాత్రం చీరల వల్ల కాదు, పుస్తకాల వల్ల. నిజాం ఏలుబడిలో దొరకని కాస్త వెసులుబాటు ఇక్కడ దొరికింది. 1901 సెప్టెంబర్ 1న రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం పుట్టింది. కొమర్రాజు లక్ష్మణరావు దానికి వెన్నుదన్ను. 1921 నవంబర్‌లో, ఇక్కడికి కూతవేటు దూరంలోని వివేకవర్ధిని ప్రాంగణంలో జరిగిన సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ అవమానంలోంచే తెలుగువాళ్ల సంఘంగా ఆంధ్ర జనసంఘం వచ్చింది. తెలంగాణలో తెలుగు తలెత్తుకున్న కథలో సగం ఈ రెండు మూడు వీధుల్లోనే జరిగింది.

1933లో ఈ బజార్లు తిరిగి నిజాం చేతికొచ్చాయి. రెసిడెన్సీ బజార్ కాస్తా సుల్తాన్‌బజార్ అయింది. 1949లో రెసిడెన్సీ భవంతిలోకి మహిళా కళాశాల వచ్చింది.

ఆ తర్వాతి దశాబ్దాలన్నీ గుడ్డలవే. మ్యాచింగ్ బ్లౌజు ముక్క, ఫాల్, లేసు, గాజులు, ఏది కావాలన్నా పెళ్లివారు ఇక్కడికే వస్తారు. ట్యూబ్‌లైటు కింద రంగు మోసం చేస్తుందని చీర కొంగు, ముక్క రెండూ పట్టుకుని గుమ్మం బయటికొచ్చి వెలుతురులో ఆనించి చూడడం ఇక్కడి పాత అలవాటు. ఇప్పుడూ అలాగే చూస్తున్నారు, కాకపోతే మెట్రో వంతెన నీడ పడని చోటు వెతుక్కుని నాలుగడుగులు ఎక్కువ వేస్తున్నారు.