రీసెట్ నొక్కే ముందు మూడు వైర్లూ కొలవండి

కన్వేయర్ (సరుకు మోసే బెల్ట్) ఆగిపోయింది. ప్యానెల్ తెరిచి చూస్తే మోటార్‌ని కాపాడే ఓవర్‌లోడ్ రిలే ట్రిప్ అయి ఉంది. రీసెట్ నొక్కారు, కాసేపు నడిచి మళ్లీ ఆగింది. మళ్లీ నొక్కారు. మూడోసారికి ఎవరో స్క్రూడ్రైవర్ తీసి రిలే సెట్టింగ్‌ని ఇంకొంచెం పైకి తిప్పారు, షిఫ్ట్ అయ్యేదాకా ఎలాగో లాగించారు, ఆ వారంలోనే మోటార్ కాలిపోయింది. హైదరాబాద్ చుట్టూ జీడిమెట్ల, చర్లపల్లి, పటాన్‌చెరు, కాటేదాన్... ఎక్కడి ప్లాంట్ ఎలక్ట్రీషియన్‌ని అడిగినా ఇలాంటిది ఒకటి చెప్తారు.

మోటార్ ఊరికే కాలదు. దాన్ని ఏదో ఒకటి కాల్చింది. అదేమిటో తేల్చకుండా రివైండింగ్ చేయించి (లోపలి రాగి తీగ చుట్లు మళ్లీ చుట్టించి) బిగిస్తే కొత్త వైండింగ్ కూడా అలాగే పోతుంది.

ముందు ఆ రిలే ఏం చేస్తుందో చూద్దాం. అందులో రెండు లోహాలు అతికించిన పట్టీలు ఉంటాయి. మోటార్‌కి వెళ్లే కరెంటు వాటిని వేడి చేస్తుంది, వేడెక్కువైతే వంగి, మోటార్‌కి కరెంటు కలిపే స్విచ్ అయిన కాంటాక్టర్‌ని పడగొడతాయి. అంటే వైండింగ్ ఎంత వేడెక్కి ఉంటుందో రిలే బయట కూర్చుని అంచనా వేస్తోందన్నమాట. నేరుగా లైన్ మీద స్టార్ట్ చేసినప్పుడు మోటార్ మామూలుకంటే 6, 7 రెట్లు కరెంటు లాగుతుంది. వైండింగ్‌లో వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది కాబట్టి 6 రెట్లంటే 36 రెట్ల వేడి, అది రెండు మూడు సెకన్లే అయినా సరే. అప్పటికే కాగి ఉన్న వైండింగ్ మీద వెంటవెంటనే నాలుగు స్టార్ట్‌లు కొడితే ఏమవుతుందో ఊహించుకోండి. తీగ మీది ఇన్సులేషన్ పూత ఎప్పుడూ 10 డిగ్రీలు అదనపు వేడిలో పనిచేస్తే దాని ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఇంజనీర్లు లెక్క వేస్తారు.

అందుకే ట్రిప్ అయ్యాక మొదటి పని, వైరు చుట్టూ పట్టుకుని కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ తీయడం. మోటార్ చల్లారాక ఒక్కసారి నడిపి, మూడు ఫేజ్‌ల (మోటార్‌కి కరెంటు తెచ్చే మూడు వైర్ల) కరెంటూ విడివిడిగా కొలిచి, నేమ్‌ప్లేట్ మీది ఆంపియర్లతో పోల్చండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

మూడూ సమానంగా ఉండి, మూడూ ఎక్కువగా ఉంటే కరెంటుది తప్పు కాకపోవచ్చు, లోడ్ ఎక్కువైంది. పట్టేసిన రోలర్, బెల్ట్ కింద పేరుకున్న సరుకు, గేర్‌బాక్స్, బేరింగ్, లేదా బెల్ట్‌ని బిగించే టేకప్‌ని ఎవరో అతిగా బిగించడం. తేల్చుకోవాలంటే మెయిన్ ఐసోలేటర్ (సప్లై పూర్తిగా తెంచే స్విచ్) ఆపి, తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని, మోటార్‌ని కన్వేయర్‌తో కలిపే కప్లింగ్ విప్పండి. ఈ తాళం విషయంలో రాజీ వద్దు, బెల్ట్ మధ్య చేయి ఉన్నప్పుడు ఇంకెవరో స్టార్ట్ నొక్కడం వల్ల మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. తర్వాత కప్లింగ్ గార్డు దగ్గర ఎవరూ లేకుండా చూసి మోటార్ ఒక్కదాన్నే తిప్పితే హాయిగా తిరిగిందా, సమస్య కన్వేయర్‌లో ఉంది. ఒంటరిగా కూడా ఎక్కువే లాగుతుంటే మోటార్ వైపు వెతకాలి.

మూడు కరెంట్లూ సమానంగా లేకపోతే మాత్రం అసలు పరిశోధన ఇక్కడ మొదలవుతుంది. తేడా సప్లైలో ఉందా, వైండింగ్‌లో ఉందా? దీనికి నాకు చాలా ఇష్టమైన పరీక్ష ఒకటుంది. సప్లై ఆపి, మోటార్ టెర్మినల్స్ దగ్గర మూడు వైర్లనూ ఒకే వరసలో ఒక్కో స్థానం జరపండి. రెండిటినే మారిస్తే మోటార్ వెనక్కి తిరుగుతుంది, మూడూ జరిపితే దిశ మారదు. మళ్లీ కొలవండి. ఎక్కువ కరెంటు ఇంతకుముందున్న సప్లై వైర్‌లోనే ఉంటే తప్పు సప్లైది. వైండింగ్‌తో పాటు వేరే వైర్‌లోకి మారితే తప్పు మోటార్‌ది. పైసా ఖర్చు లేదు, వాదనా ఉండదు. సప్లై వోల్టేజ్‌లో 1 శాతం అసమానత ఉన్నా కరెంటులో అది 6 నుంచి 10 శాతంగా కనిపించగలదు, అందుకే చిన్న తేడాలే కదా అని వదిలేయకూడదు.

ఇక ఒక ఫేజ్ పూర్తిగా పోవడం. ఫ్యూజ్ ఎగిరినా, కాంటాక్టర్‌లో ఒక పాయింట్ కాలినా, వైరు చివరి లగ్ వదులైనా జరిగేది ఇదే. ఆగి ఉన్న మోటార్ అయితే గుయ్‌మంటూ నిలబడిపోతుంది, కదలదు. తిరుగుతున్న మోటార్ మాత్రం ఆగదు, మిగిలిన రెండు ఫేజ్‌ల మీదే బరువు లాగుతూ పోతుంది, ఆ రెండు వైర్లలో కరెంటు సుమారు 1.73 రెట్లవుతుంది. డెల్టా కనెక్షన్ (మూడు వైండింగ్‌లూ త్రిభుజంలా కలిపినది) ఉన్న మోటార్‌లో అయితే లోపల ఒక వైండింగ్ మీద మామూలుకంటే రెండింతల కరెంటు పడుతుంది, బయట లైన్ కొలిచే సాధారణ రిలేకి ఆ సంగతి పూర్తిగా కనబడదు. పూర్తి లోడ్ లేకుండా నడుస్తున్న కన్వేయర్ మోటార్లు ట్రిప్ కాకుండానే కాలిపోవడానికి ఇదొక కారణం. ఫేజ్ పోతే పట్టుకునే రిలే విడిగా పెట్టించుకోవడం మంచిది.

కాలిన మోటార్‌ని రివైండింగ్ షాపుకి పంపేటప్పుడు "నేను చూసేదాకా వైండింగ్ పీకకు అన్నా" అని చెప్పండి. మూడు వైండింగ్‌లూ ఒకేలా నల్లబడి ఉంటే ఓవర్‌లోడ్, లేదా గాలి ఆడకపోవడం. స్టార్ కనెక్షన్‌లో (మూడు వైండింగ్‌ల ఒక్కో కొస ఒకే చోట కలిపినది) రెండు నల్లబడి ఒకటి కొత్తదానిలా ఉంటే, డెల్టాలో ఒక్కటే నల్లబడి రెండు బాగుంటే, అది ఫేజ్ పోయిన మోటార్. ఒకే చోట చిన్న మచ్చలా కాలి రాగి కరిగి ఉంటే అక్కడ ఇన్సులేషన్ తెగింది. రాగి పీకి కాటాకి వేశాక ఈ సాక్ష్యం మళ్లీ దొరకదు.

హైదరాబాద్ ఎండాకాలం గురించీ చెప్పాలి. మోటార్ల నేమ్‌ప్లేట్ రేటింగ్ సాధారణంగా 40 డిగ్రీల చుట్టుపక్కల ఉష్ణోగ్రతకి లెక్కేసింది. మేలో మన దగ్గర బయటే 40 దాటుతుంది, రేకుల షెడ్డు కింద ఇంకా ఎక్కువ. దానికి తోడు మోటార్ రెక్కల మీద దుమ్ము మందంగా పేరుకుంటే లోపలి వేడి బయటికి రాదు. వీఎఫ్‌డీ (మోటార్ వేగం మార్చే పరికరం) పెట్టి కన్వేయర్‌ని బాగా నెమ్మదిగా నడిపేవాళ్లు ఇంకోటి గమనించాలి, మోటార్ వెనక ఫ్యాన్ కూడా అదే షాఫ్ట్ మీద ఉంటుంది కాబట్టి అదీ నెమ్మదిగానే తిరుగుతుంది. అన్నట్టు, వీఎఫ్‌డీ ఉన్నచోట మెగ్గర్ (ఎక్కువ వోల్టేజ్‌తో ఇన్సులేషన్ పరీక్షించే మీటర్) వేయాలంటే ముందు మోటార్ కేబుల్ విప్పండి. 500 వోల్టులు వీఎఫ్‌డీలోకి వెళ్తే అది పోతుంది.

కొన్నిసార్లు మోటార్ బాగానే ఉంటుంది, స్టార్టే కాదు. పొడవాటి కన్వేయర్ పక్కన పుల్‌కార్డ్ స్విచ్‌లు (తాడు లాగితే కన్వేయర్‌ని ఆపేవి) వరసగా, ఒకే సిరీస్‌లో ఉంటాయి, ఒక్కటి తెరుచుకున్నా అంతా ఆగుతుంది. 16 ఉంటే ఒక్కోటీ తెరుస్తూ పోవద్దు. వరస మధ్యలో వోల్టేజ్ చూడండి, ఉంటే తప్పు అవతలి సగంలో, లేకపోతే ఇవతలి సగంలో. ఆ సగాన్ని మళ్లీ సగం చేయండి, నాలుగు కొలతల్లో స్విచ్ దొరుకుతుంది. వానాకాలంలో నీళ్లు చేరిన స్విచ్‌లే ఎక్కువగా ఇలా సతాయిస్తాయి.

క్లాంప్ మీటర్ మామూలుకంటే తక్కువ చూపించినా అనుమానించాలి. మోటార్ తిరుగుతోంది, బెల్ట్‌ని లాగే డ్రమ్ తిరుగుతోంది, బెల్ట్ మాత్రం జారుతోంది. దీన్ని పట్టుకోవడానికే అవతలి కొసన, బెల్ట్‌తోనే తిరిగే తోక డ్రమ్ దగ్గర జీరో స్పీడ్ స్విచ్ పెడతారు. అది ఊరికే ట్రిప్ చేస్తోందని విసుగొచ్చి ప్యానెల్‌లో ఒక వైరు ముక్కతో జంపర్ వేసి ఆ స్విచ్ పనిచేయకుండా చేసేస్తారు. నిలబడిపోయిన బెల్ట్ కింద లాగే డ్రమ్ తిరుగుతూనే ఉంటే రాపిడికి రబ్బరు అంటుకుంటుంది, కన్వేయర్ అగ్నిప్రమాదాలకు ఇదొక ముఖ్య కారణం. మీ ప్యానెల్‌లో అలాంటి జంపర్ ఉందేమో ఇవాళే చూడండి. ఉంటే పీకేసి, ఆ స్విచ్ సెన్సర్‌కీ తోక డ్రమ్ మీది ఇనుప పట్టీకీ మధ్య ఉన్న గ్యాప్ సరిచేసి, బెల్ట్ టెన్షన్ చూశాకే లైన్ నడపండి.