ఫిజియోథెరపిస్టుల రిజిస్టరు: అరవై ఆరేళ్ల ఆలస్యం వెనుక

2025 సెప్టెంబరు 9న కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ జనరల్ ఒక లేఖ రాసింది. ఫిజియోథెరపిస్టులు పేరు ముందు ‘డాక్టర్’ అని పెట్టుకోకూడదనీ, పెట్టుకుంటే 1916 నాటి భారత వైద్య డిగ్రీల చట్టాన్ని మీరినట్టేననీ దాని సారాంశం. మరింత పరిశీలించాలంటూ ఒకటి రెండు రోజుల్లోనే దాన్ని వెనక్కి తీసుకుంది. అదే ఏడాది ఏప్రిల్‌లో, అదే ఆరోగ్య శాఖ పరిధిలోని అనుబంధ, ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ తెచ్చిన ఫిజియోథెరపీ పాఠ్యప్రణాళికలో మాత్రం పేరు ముందు ‘డాక్టర్’, పేరు చివర ‘పీటీ’ (ఫిజియోథెరపిస్ట్) అని రాసుకోవచ్చని ఉంది. టీవీ చర్చల్లో ఇదంతా పరువు తగాదాలా నడిచింది. అసలు చిక్కు అంతకంటే పాతది. ఫలానావాళ్లు ఫిజియోథెరపిస్టులు, మిగతావాళ్లు కారు అని తేల్చే రిజిస్టరు దేశం మొత్తానికీ ఒకటి ఉండాలని 2021 దాకా ఏ చట్టమూ చెప్పలేదు.

ఈ వృత్తి మన దేశంలోకి పోలియో వెంట వచ్చింది. పోలియో సోకిన కూతురికి వైద్యం కోసం ఊళ్లు తిరిగిన ఫాతిమా ఇస్మాయిల్ 1947లో బొంబాయిలో పోలియో పిల్లల కోసం క్లినిక్ తెరిచారు. ఆ తర్వాత 1950ల మొదట్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, కేంద్ర ప్రభుత్వం, బొంబాయి నగరపాలక సంస్థ కలిసి కేఈఎం ఆస్పత్రిలో ఫిజియోథెరపీ స్కూలు పెట్టాయి. 1955లో భారత ఫిజియోథెరపిస్టుల సంఘం ఏర్పడింది. అప్పటికి బ్రిటన్‌లో ఈ వృత్తికి అరవై ఏళ్ల చరిత్ర ఉంది. 1894లో నలుగురు నర్సులు మొదలుపెట్టిన మసాజ్ సంఘం 1920లో రాయల్ చార్టర్ పొంది, 1944లో ఫిజియోథెరపీ సొసైటీగా పేరు మార్చుకుంది.

పోలియో వార్డులో ఫిజియో చేతిలో ఉండే అసలు ఆయుధం యంత్రం కాదు, కండరాల చార్టు. ఒక్కో కండరానికీ 0 నుంచి 5 దాకా గ్రేడు వేస్తారు. తొడ ముందు కండరాన్నే తీసుకోండి. పిల్లవాణ్ని పక్కకు తిప్పి పడుకోబెట్టి, కాలి బరువును చేత్తో ఆపినప్పుడు మోకాలు పూర్తిగా చాపగలిగితే 2. బల్ల అంచున కూర్చోబెట్టినప్పుడు కాలి బరువును తనే ఎత్తి చాపగలిగితే 3. కాగితం మీద ఒక్క అంకె తేడాయే, కానీ ఆ పిల్లవాడి నడక చాలావరకు దాని మీదే ఆధారపడుతుంది. 3 కంటే తక్కువైతే మోకాలు ముడుచుకుపోకుండా తొడ మీద చెయ్యి నొక్కుకుంటూ నడవాలి, లేదంటే క్యాలిపర్ (కాలికి ఆసరాగా కట్టే చట్రం) వేసుకోవాలి. తిరిగి వచ్చే బలంలో ఎక్కువ భాగం మొదటి ఆర్నెల్లలోనే వస్తుంది. అందుకే చార్టు మళ్లీ మళ్లీ వేస్తారు. ఎక్కువసార్లు జరిగే తప్పు ఇంట్లోనే జరుగుతుంది. నొప్పి తగ్గుతుందని పిల్లవాడి మోకాళ్ల కింద దిండు పెడతారు. వారాల తరబడి అలా ఉంచితే తుంటి, మోకాలు ముడుచుకున్న చోటే బిగుసుకుపోతాయి. అప్పుడు కండరం కోలుకున్నా కాలు చాపడం కుదరదు, ఆపరేషన్ తప్పదు. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో బెంగాల్‌లో నమోదైంది. అయినా పాతవాళ్ల కాళ్లు సరిచేసే శిబిరాలు చాలా ఏళ్లు నడిచాయి. విశాఖకు చెందిన ఆర్థోపెడిక్ సర్జన్ సుంకర ఆదినారాయణరావుకు 2022లో పద్మశ్రీ వచ్చింది ఆ పనికే.

ఈ వృత్తి వచ్చిన రెండో దారి కుష్ఠు. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ)లో పాల్ బ్రాండ్ 1940ల చివర్లో, కుష్ఠు వల్ల వేళ్లు కొంకర్లుపోయిన చేతులకు స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి భాగం) మార్పిడి ఆపరేషన్లు మొదలుపెట్టారు. హైదరాబాద్ కూకట్‌పల్లిలో రాణి కుముదినీ దేవి 1958లో శివానంద పునరావాస కేంద్రం స్థాపించారు. ఈ ఆపరేషన్లలో సర్జన్ పని గంటో రెండు గంటలో. ఫిజియో పని వారాల తరబడి ఉంటుంది. ముందు బిగుసుకున్న వేలి కీళ్లను నూనె మర్దనతో, స్ప్లింటుతో (వేలిని తిన్నగా పట్టి ఉంచే బద్దతో) వదులు చేయాలి. కీలు వదులు కాకుండా స్నాయువు మారిస్తే అది లాగడానికి ఏమీ ఉండదు. ఆపరేషన్ తర్వాత దాదాపు మూడు వారాలు పిండికట్టు. అందులో వేళ్ల మొదటి కణుపులు వంగి, మిగతావి తిన్నగా ఉండాలి. కట్టు విప్పాక ఇంకో మూడు నాలుగు వారాలు, నిన్నటిదాకా వేలిని ముడిచిన స్నాయువుతోనే ఇప్పుడు వేలిని తిన్నగా నిలపడం రోగికి నేర్పాలి. ఇక్కడ ఇంకో ప్రమాదం ఉంది. ఆ చేతికి స్పర్శ ఉండదు. కాపడానికి వాడే మైనం వేడెక్కువైనా, కొత్త కుట్టు మీద లాగుడు ఎక్కువైనా రోగి ‘అమ్మా’ అనడు. బొబ్బ లేచాకే తెలుస్తుంది. ఎంత వేడి, ఎంత బలం అన్న నిర్ణయం పూర్తిగా ఫిజియోదే.

ఇంత నిర్ణయం చేతిలో పెట్టిన వ్యవస్థ చట్టంలో మాత్రం చోటివ్వలేదు. నర్సుల మండలి చట్టం 1947లో, ఫార్మసీ, దంతవైద్య చట్టాలు 1948లో, వైద్య మండలి చట్టం 1956లో వచ్చాయి. 1992లో పునరావాస మండలి చట్టం తెచ్చినప్పుడైనా కలుపుతారనుకుంటే, క్యాలిపర్లు, కృత్రిమ కాళ్లు తయారుచేసేవాళ్లను, వాక్ చికిత్సకులను, ప్రత్యేక ఉపాధ్యాయులను చేర్చి ఫిజియోథెరపిస్టులను బయటే ఉంచారు. క్యాలిపర్ చేసినవారికి రిజిస్ట్రేషన్ నంబరు ఉంది, అది ఏ కండరం కోసమో తేల్చినవారికి లేదు. ఢిల్లీ 1997లో సొంత చట్టం చేసుకుంది, మహారాష్ట్ర, గుజరాత్ తర్వాత చేసుకున్నాయి. తెలుగు నేల మీద అలాంటి ప్రత్యేక మండలి ఏర్పడలేదు.

ఈ ఖాళీలో మూడు జరిగాయి. ఒకటి, డిప్లొమా పోయి నాలుగేళ్ల చదువు, ఆర్నెల్ల ఇంటర్న్‌షిప్‌తో బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) వచ్చింది, దాని మీద రెండేళ్ల ఎంపీటీ (పీజీ) వచ్చింది, ప్రైవేటు కాలేజీలు పెరిగాయి. చదువు పెరిగినా ఆస్పత్రిలో హోదా పెరగలేదు. చాలాచోట్ల ఇప్పటికీ పై డాక్టరు ‘ఐఎఫ్‌టీ పది సిట్టింగులు’ అని చీటీ రాస్తే ఫిజియో ఆ పదీ పెట్టి పంపేయాలి. ఐఎఫ్‌టీ అంటే నొప్పి తగ్గడానికి యంత్రంతో సన్నని కరెంటు పెట్టడం, జనం భాషలో ‘కరెంటు పెట్టించుకోవడం’ ఇదే. పది సిట్టింగులు మంచం మీద గడిచి, చేయాల్సిన వ్యాయామం ఒక్కటీ నేర్పకపోతే నడుంనొప్పి నెల తిరక్కుండా మళ్లీ వస్తుంది. పేరు చెడేది ఫిజియోకే. రెండు, యంత్రం కొనుక్కుని బోర్డు పెట్టినవాడికీ పట్టా ఉన్నవాడికీ తేడా తెలుసుకునే దారి రోగికి లేకుండా పోయింది. మూడు, అమెరికా.

ఇక్కడ రిజిస్టరు లేకపోయినా అక్కడ లైసెన్సు ఉంది, జీతం ఉంది. 1990ల నుంచీ మన బీపీటీలు ఆ దారి పట్టారు. సబ్జెక్టులూ గంటలూ విడదీసి పట్టాను అక్కడి చదువుతో సరిచూడటం, టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్ష, తర్వాత ఎన్‌పీటీఈ అనే అక్కడి జాతీయ ఫిజికల్ థెరపీ పరీక్ష, ఆపై రాష్ట్రాల వారీ లైసెన్సు. ఎన్‌పీటీఈలో 200 నుంచి 800 దాకా ఉండే స్కేలు మీద 600 రావాలి. 2010 జులైలో ఈ దారికి పెద్ద గండి పడింది. పరీక్ష రాసినవాళ్లు గుర్తుపెట్టుకున్న ప్రశ్నలు చేతులు మారుతున్నాయని తేల్చి, పరీక్ష నిర్వహించే సమాఖ్య ఇండియా, ఈజిప్టు, పాకిస్తాన్, ఫిలిప్పీన్స్ పట్టభద్రులకు పరీక్షే నిలిపేసింది. ఎవరో కొందరు చేసిన పనికి నాలుగు దేశాల వాళ్లూ మూల్యం చెల్లించారు. ఆ తర్వాత వాళ్లకు వేరే పరీక్ష పెట్టారు. 2011 నుంచి ఏ రోజంటే ఆ రోజు రాసే పద్ధతి పోయి అందరికీ నిర్ణీత తేదీలు వచ్చాయి. 2016 నుంచి అమెరికాలో ఈ వృత్తిలోకి వచ్చే చదువు పూర్తిగా డాక్టరేట్ స్థాయికి చేరింది. విదేశీ పట్టాలను కొలిచే గీటురాయి కూడా దానితోపాటే పెరిగింది. ఏజెంట్లు చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. ఫిజికల్ థెరపిస్టులు అక్కడి ‘షెడ్యూల్ ఏ’ జాబితాలో ఉన్నారు కాబట్టి, ఆ ఉద్యోగానికి అమెరికన్లు దొరకలేదని యజమాని రుజువు చేయనక్కర్లేదు. అంతవరకే. ఇండియాలో పుట్టినవాళ్ల గ్రీన్‌కార్డు క్యూ వీళ్లకూ అంతే పొడుగు.

ఢిల్లీలో మాత్రం బిల్లులు వస్తూ పోతూ ఉన్నాయి. పారామెడికల్, ఫిజియోథెరపీ కేంద్ర మండళ్ల బిల్లు 2007లో లోక్‌సభకు వచ్చి, 2009లో సభ రద్దు కావడంతో మురిగిపోయింది. 2018 చివర్లో ఇంకోటి రాజ్యసభకు వచ్చింది, తర్వాత దాని బదులు 2020లో మరోటి. చివరికి, 1955లో సంఘం ఏర్పడిన అరవై ఆరేళ్లకు, 2021 మార్చిలో రెండు సభలూ ఆమోదించిన జాతీయ అనుబంధ, ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం మే 25 నుంచి అమల్లోకి వచ్చింది. పది విభాగాల్లో ఫిజియోథెరపీ ఒక ప్రత్యేక విభాగం. ఆరోగ్య వృత్తినిపుణుడు అనిపించుకోవాలంటే కనీసం 3,600 గంటల డిగ్రీ ఉండాలంది. అన్నిటికంటే విలువైనది షెడ్యూలులో ఉన్న ఒక వాక్యం: ఫిజియోథెరపిస్ట్ స్వతంత్రంగా గానీ, బృందంలో భాగంగా గానీ ప్రాక్టీసు చేయవచ్చు. డాక్టరు చీటీ లేనిదే రోగిని చూడరాదన్న నియమాన్ని ఆస్ట్రేలియా ఫిజియోలు 1976లోనే వదిలేశారు. మన చట్టం ఆ మాట చెప్పడానికి ఇంకో నలభై అయిదేళ్లు పట్టింది.

చెప్పినా, చెయ్యలేదు. ఆర్నెల్లలో రాష్ట్ర మండళ్లు ఏర్పాటు చేయాలని చట్టంలో ఉంటే, చాలా రాష్ట్రాలు మూడేళ్లయినా కదల్లేదు. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు అక్టోబరు 12ను గడువుగా పెట్టాల్సి వచ్చింది. రిజిస్టర్లు నిండకముందే పేరు ముందు ఏం రాయాలన్న తగవు ముదిరింది. ఫిజియోలు ‘డాక్టర్’ అని రాసుకోవడాన్ని వ్యతిరేకించిన ఫిజికల్ మెడిసిన్ (పునరావాస వైద్యం) డాక్టర్ల సంఘం భయం పూర్తిగా గాలికబురు కాదు. నడుంనొప్పి వెనక గడ్డ ఉందో, క్షయ ఉందో తేలకుండా నెలల తరబడి వ్యాయామం చేయిస్తే నష్టపోయేది రోగి. కాళ్లు తిమ్మిరెక్కి మూత్రం ఆగిపోయిన రోగిని ఆ రోజే సర్జన్ దగ్గరకు పంపాలి, రెండో సిట్టింగు అంటూ ఉండకూడదు. అయితే దీనికి మందు చదువులో, రిజిస్ట్రేషన్‌లో ఉంది. బోర్డు మీద రెండక్షరాలు చెరిపేసినంత మాత్రాన ఆ పొరపాట్లు ఆగవు.

ఇంటర్ బైపీసీ అయ్యాక ఈ చదువులో చేరేవాళ్లు ముందుగా చూసుకోవాల్సింది కాలేజీ బ్రోచరు కాదు, ఆ ఏడాది యూనివర్సిటీ ఇచ్చిన అఫిలియేషన్ జాబితా. ఆ తర్వాత, స్ట్రోక్, ఐసీయూ, పిల్లల వార్డుల్లో నిజంగా రోగులున్న ఆస్పత్రి దానికి ఉందా అన్నది. కొత్త ప్రణాళికలో ఇంటర్న్‌షిప్ ఆర్నెల్ల నుంచి ఏడాదికి పెరిగింది కాబట్టి ఇప్పుడిది ఇంకా ముఖ్యం. చేరాక ప్రతి సంవత్సరం సిలబస్, సబ్జెక్టుల వారీ థియరీ, ప్రాక్టికల్ గంటలు ముద్రతో తీసి పెట్టుకోవాలి. కాలేజీ మూతపడ్డాక వాటిని తేవడం మహా కష్టం.

మనవాళ్లకు ఇంకో ప్రత్యేక తలనొప్పి ఉంది. విభజనకు ముందు హైదరాబాద్, వరంగల్ కాలేజీల్లో చదివినవాళ్ల రికార్డులు కూడా విజయవాడ యూనివర్సిటీలోనే ఉంటాయి. ఆ యూనివర్సిటీ 1986లో ఆంధ్రప్రదేశ్ పేరుతో పుట్టి, తర్వాత ఎన్టీఆర్ పేరుకు, 2022లో వైఎస్సార్ పేరుకు, 2024లో తిరిగి ఎన్టీఆర్ పేరుకు మారింది. పట్టా మీద ఒక పేరు, ఇప్పుడు వచ్చే ట్రాన్స్‌క్రిప్టు (మార్కుల వివరాల పత్రం) మీద ఇంకో పేరు కనిపిస్తే విదేశీ మూల్యాంకనం చేసేవాళ్లు ఫైలు ఆపేస్తారు. దరఖాస్తుతోపాటే పేరు మార్పు ఉత్తర్వుల ప్రతిని, రెండూ ఒకే సంస్థ అని రిజిస్ట్రార్ ఇచ్చిన లేఖను జతచేస్తే ఆ జాప్యం తప్పుతుంది.